ఏటా ఒకసారి అడిగే ప్రశ్న



జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకీ, ఇక్కడ అన్నయ్యో బాబాయో మేనమామో పనిచేస్తున్న శ్రీకాకుళం, విజయనగరం వైపు శ్రోతలకీ ఈ పూట ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. పేటెంటు ఎలా తీసుకోవాలో చెప్పేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కాలేజీల్లో చెబుతున్నారు, పరిశ్రమల సంఘాల్లో చెబుతున్నారు. చేతికొచ్చిన పేటెంటును ఎలా నిలబెట్టుకోవాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. పేటెంటుకు ఏటా కట్టాల్సిన రెన్యువల్ ఫీజు, రిజిస్టరు చేయించిన డిజైనుకు పదేళ్ల తర్వాత తీసుకోవాల్సిన పొడిగింపు, ఈ రెండిటి గురించే ఇవాళ మాట్లాడతాను.

మన ఊళ్లో ఈ మాట చెప్పుకోవడానికి కారణం ఉంది. 1907లో టాటా ఉక్కు కంపెనీ పుట్టింది. సాక్చీ పల్లె పక్కన కర్మాగారం లేచింది. 1919లో ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కోల్‌కతాలో హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఇక్కడి నుంచి వెళ్లిందే. టిస్‌క్రోమ్ అనే ఆ ఉక్కు రకాన్ని తయారుచేసింది ఈ ఊరివాళ్లే. 1950 నవంబరు 26న నెహ్రూ ఇక్కడ నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీని ప్రారంభించారు. ఆ లేబొరేటరీకి 1992 నుంచి 2002 దాకా డైరెక్టరుగా ఉన్న పి. రామచంద్రరావు గారు మన కృష్ణా జిల్లాలో పుట్టినవారు. లోహాన్ని ఎలా కరిగించాలి, ఎలా చల్లార్చాలి, ఏది కలిపితే గట్టిపడుతుంది అని నూరేళ్లకు పైగా తల బద్దలుకొట్టుకుంటున్న ఊరు ఇది. కొత్త ఆలోచన ఇక్కడ పుట్టడంలో వింతేమీ లేదు. పుట్టిన ఆలోచన మీద హక్కు ఎంతకాలం నిలిచింది అన్నదే అడగాల్సిన ప్రశ్న.

పెద్ద కంపెనీలకు దీనికోసం ప్రత్యేకంగా మనుషులుంటారు. ప్రభుత్వ లేబొరేటరీలకు ఒక విభాగమే ఉంటుంది. నా బెంగంతా ఖర్కాయి నదికి అవతలి ఒడ్డున ఉన్న ఆదిత్యపూర్ షెడ్ల గురించి. అక్కడ వందలకొద్దీ చిన్న కార్ఖానాలున్నాయి. ఎక్కువ భాగం వాహనాల విడిభాగాలు చేసేవే.

ఉదాహరణకు అలాంటి షెడ్ ఒకటి మన శ్రీకాకుళం తమ్ముడు నడుపుతున్నాడనుకుందాం. రెండు లేతులు, ఒక డ్రిల్లింగ్ మెషిన్, ఒక పవర్ ప్రెస్. ఒకే రకం ముక్క రోజుకు వందల సంఖ్యలో తయారవుతుంది. ప్రతి ముక్కనీ బిగించి, సరిచూసి, విప్పడానికే సగం టైము పోతోందని గమనించి, ఒక్క పిడి తిప్పితే మూడు వైపులా సమంగా పట్టుకునే ఫిక్స్‌చర్ తయారుచేశాడు. తెలిసినవాళ్లు చెబితే 2021 జూన్ 10న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. పేటెంటు ఆఫీసు అభ్యంతరాలు పంపింది, ఇతను జవాబులిచ్చాడు, విచారణ జరిగింది. 2026 ఫిబ్రవరిలో పేటెంటు మంజూరైంది. సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి ఆఫీసు గదిలో తగిలించాడు. ఇక ఇరవై ఏళ్లు దిగుల్లేదు అనుకున్నాడు.

పొరపాటు సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. ఇరవై ఏళ్లు అన్నది గరిష్ఠ గడువు. అదీ మంజూరైన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్క. మొదటి రెండేళ్లకు రెన్యువల్ ఫీజు లేదు. మూడో ఏడాది నుంచి ఇరవయ్యో ఏడాది దాకా ఏ ఏటికి ఆ ఏడు కడుతూ రావాలి. మూడో ఏటి ఫీజును రెండో ఏడు నిండేలోపే కట్టాలి. నాలుగో ఏటిది మూడో ఏడు నిండేలోపు. అంటే ఎప్పుడూ రాబోయే ఏడాదికి ముందుగా కట్టడమన్నమాట.

మరి మన తమ్ముడి పేటెంటు వచ్చేసరికే నాలుగేళ్లు దాటిపోయాయి కదా, ఆ పాత ఏళ్ల మాటేమిటి? దానికీ చట్టంలో దారి ఉంది. దరఖాస్తు పరిశీలనలో ఉన్నంత కాలం ఫీజు అడగరు. పేటెంటు మంజూరై రిజిస్టరులో నమోదైన తేదీ నుంచి మూడు నెలల లోపల పాత ఏళ్ల బాకీ అంతా కలిపి కట్టాలి. ఇతని విషయంలో మూడో ఏడు, నాలుగో ఏడు, అయిదో ఏడు, మొత్తం మూడేళ్ల ఫీజు. ఆ మూడు నెలలు దాటితే అదనపు రుసుముతో ఇంకో ఆరు నెలలు ఇస్తారు. అంటే నమోదైన తేదీ నుంచి తొమ్మిది నెలలు, అంతే. ఈ లెక్క అక్కడితో ఆగదు. 2026 జూన్ 10 లోపల ఆరో ఏటి ఫీజు కూడా కట్టాలి. సర్టిఫికెట్ వచ్చిన సంబరంలో నాలుగైదు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ఎన్నో మంచి పేటెంట్లకు మొదటి గండం ఇదే.

ఫీజు ఎంత అని అడుగుతారు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న పరిశ్రమలకు, విద్యాసంస్థలకు ఒక రేటు. తక్కినవాళ్లకు దానికి అయిదు రెట్లు. ఆన్‌లైన్లో కడితే తక్కువ రేటు ఇలా ఉంది. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏడాదికి 800 రూపాయలు. ఏడు నుంచి పది దాకా ఏడాదికి 2,400. పదకొండు నుంచి పదిహేను దాకా 4,800. పదహారు నుంచి ఇరవై దాకా 8,000. ఇరవై ఏళ్లూ నిలబెట్టుకుంటే మొత్తం 76,800 రూపాయలు. పెద్ద కంపెనీకైతే అదే పేటెంటుకు 3,84,000 అవుతుంది. చిన్న పరిశ్రమ రేటు కావాలంటే మనది చిన్న పరిశ్రమ అని కాగితం చూపించాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఆ సర్టిఫికెట్‌తో పాటు ఫారం 28 దాఖలు చేయాలి.

ఇంకో వెసులుబాటు 2024 మార్చిలో వచ్చింది. కనీసం నాలుగేళ్ల ఫీజు ఒకేసారి ఆన్‌లైన్లో ముందుగా కడితే పది శాతం తగ్గిస్తారు. నాకు ఆ పది శాతం కన్నా ఇంకొకటి విలువైనదిగా కనిపిస్తుంది. నాలుగేళ్లపాటు మరచిపోయే ప్రమాదం తప్పుతుంది.

ఎల్‌ఐసీ ప్రీమియం కట్టకపోతే పాలసీ లాప్స్ అవుతుందని మనందరికీ తెలుసు. పేటెంటుకూ అదే మాట వాడతారు, లాప్స్ అయిందనే అంటారు. కాకపోతే పాలసీకి ఏజెంటు ఇంటికొచ్చి గుర్తుచేస్తాడు. పేటెంటు విషయంలో ఎవరో గుర్తుచేస్తారని కూర్చోవద్దు. తేదీ తెలుసుకోవడం, కట్టడం పూర్తిగా పేటెంటుదారుడి బాధ్యతే. కట్టకపోతే ఆ పేటెంటులో ఉన్న విషయానికి ఇక రక్షణ ఉండదు. ఆ రోజు నుంచి దాన్ని ఎవరైనా చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు.

ఫీజు కట్టలేక పోగొట్టుకున్నవాళ్లలో ప్రపంచమంతా ఎరిగిన పేరు ఒకటుంది. ఫ్రాంక్ విటిల్. బ్రిటిష్ వైమానిక దళంలో కుర్ర అధికారి. 1930 జనవరిలో జెట్ ఇంజనుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. విమానానికి ముందు పంకా తిరగడమే లోకానికి తెలిసిన కాలం అది. గాలిని లోపలికి పీల్చి, అదిమి, ఇంధనంతో మండించి, వెనక నుంచి వేగంగా వదిలితే ఆ తోపుకే విమానం ఎగురుతుందని ఇతను కాగితం మీద గీసి చూపించాడు. వైమానిక శాఖ పట్టించుకోలేదు. 1935 జనవరిలో పేటెంటు రెన్యువల్‌కు వచ్చింది. ఫీజు 5 పౌన్లు. ప్రభుత్వం తన ఖర్చుతో కట్టనంది. విటిల్ అప్పుడు కేంబ్రిడ్జిలో చదువుకుంటున్నాడు, భార్యాబిడ్డలున్నారు, చేతిలో డబ్బు లేదు. పేటెంటును వదిలేశాడు.

ఆ తర్వాత నాలుగు నెలలకే, అదే ఏడు మే నెలలో, పాత సహచరుడి దగ్గర నుంచి అతనికి ఉత్తరం వచ్చింది, ఆ ఇంజను సంగతి మళ్లీ చూద్దామని. 1936లో పవర్ జెట్స్ అనే కంపెనీ పెట్టారు. 1937 ఏప్రిల్ 12న ఇంజను మొదటిసారి తిరిగింది. కానీ ప్రపంచంలో మొదటి జెట్ విమానం 1939 ఆగస్టు 27న జర్మనీలో ఎగిరింది. విటిల్ ఇంజనుతో బ్రిటన్ విమానం గాల్లోకి లేచింది 1941 మే 15న. తర్వాత చేసిన మెరుగులకు విటిల్ వేరే పేటెంట్లు తీసుకున్నాడు. ప్రభుత్వం 1948లో లక్ష పౌన్ల బహుమానం ఇచ్చి గౌరవించింది. అయినా మూలమైన ఆలోచన మీది హక్కు 5 పౌన్ల దగ్గర తెగిపోయింది. నాలుగు నెలలు ఎవరైనా చేబదులు ఇచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది.

ఇది పేదవాడి కథ, డబ్బున్నవాళ్లకు ఈ చిక్కు రాదు అనుకోకండి. మధుమేహానికీ, బరువు తగ్గడానికీ వాడే సెమాగ్లుటైడ్ అనే మందు ఇప్పుడు ప్రపంచంలోకెల్లా ఎక్కువ అమ్ముడుపోయే మందుల్లో ఒకటి. దాని మీద కెనడాలో ఉన్న పేటెంటుకు ఏటి ఫీజు అందలేదు. ఆలస్య రుసుముతో కలిపి 450 కెనడా డాలర్లు. 2019లో ఆ పేటెంటు లాప్స్ అయింది. అంత పెద్ద మార్కెట్లో ఆ రక్షణ పోయింది. అదే మందును కెనడాలో చౌకగా అమ్ముతామని దరఖాస్తు చేసుకున్న కంపెనీల్లో మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ కూడా ఉంది. ఒకరి లాప్స్ ఇంకొకరికి తలుపు తెరవడం అంటే ఇదే. అందులో అన్యాయం ఏమీ లేదు, చట్టం ఉద్దేశమే అది.

ఆ ఉద్దేశం అర్థమైతే ఈ ఫీజు మీద కోపం పోతుంది. బ్రిటన్‌లో 1852లో కొత్త పేటెంటు చట్టం వచ్చింది. పేటెంటు తీసుకునే ఖర్చును 25 పౌన్లకు దించారు. అయితే మూడో ఏడు నిండేలోపు 50 పౌన్లు, ఏడో ఏడు నిండేలోపు 100 పౌన్లు కట్టాలన్నారు. పనికొచ్చే పేటెంటు ఉన్నవాడు కట్టుకుంటాడు, లేనివాడు వదిలేస్తాడు, వదిలేసింది ప్రజలందరిదీ అవుతుంది. ఎక్కువమంది మూడో ఏటే వదిలేసేవారు. ఈ రోజు మన దేశంలో 800తో మొదలై 8,000 దాకా పెరిగే ఫీజులోనూ అదే ఆలోచన ఉంది. మొదట్లో వ్యాపారం కుదురుకోలేదు కాబట్టి తక్కువ. పదిహేనేళ్ల తర్వాత కూడా లోకాన్ని ఆపి ఉంచాలంటే ఎక్కువ. ఏటా ఒకసారి చట్టం మనల్ని ఒక ప్రశ్న అడుగుతోంది. ఈ హక్కు నీకింకా కావాలా? కావాలంటే కట్టు. వద్దంటే ఊరందరికీ వదిలెయ్.

కావాలనడం గౌరవమే, వద్దనడం కూడా గౌరవమే. ప్రశ్న వినకుండానే గడువు దాటిపోవడమే నష్టం. నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

వద్దని చెప్పాల్సిన సందర్భాలూ ఉంటాయి. మన నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీ సీఎస్ఐఆర్ అనే జాతీయ పరిశోధన మండలి కుటుంబంలోది. సీఎస్ఐఆర్ దేశంలో ఎక్కువ పేటెంట్లు తీసుకునే సంస్థల్లో ఒకటి. అలాంటి సంస్థే 2016 ప్రాంతంలో తన లేబొరేటరీలను హెచ్చరించింది. ఉద్యోగ వివరాల్లో రాసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని పేటెంట్ల మీద కోట్ల రూపాయలు ఖర్చవుతున్నాయి, దరఖాస్తు పెట్టేముందే మార్కెట్‌లో దాని విలువ చూసుకోండి అని. గొప్ప సంస్థ కూడా తన పేటెంట్లను వరసగా పెట్టుకుని ఇది ఉంచుదాం, ఇది వదిలేద్దాం అని తేల్చుకోవాల్సిందే. మన తమ్ముడి ఫిక్స్‌చర్ వాడే ముక్కలకే ఇప్పుడు గిరాకీ లేకపోతే, ఇంకా మేలైన పద్ధతి వచ్చేసి ఉంటే, పదో ఏట 2,400 కట్టే బదులు ఆ డబ్బు కొత్త ఆలోచన మీద పెట్టడమే తెలివి. ఎవరికైనా లైసెన్సు ఇచ్చి ఉంటే మాత్రం వదిలేసే ముందు ఆ ఒప్పందం తీసి చదవండి. ఫీజు కట్టే బాధ్యత మీదేనని అందులో మాట ఇచ్చి ఉండవచ్చు.

సరే, కావాలనుకుని కూడా మరచిపోయారు. అప్పుడేం చేయాలి? గడువు దాటాక ఆరు నెలల దాకా అదనపు రుసుముతో కట్టొచ్చు. చిన్నవాళ్లకు నెలకు 480 రూపాయల చొప్పున పడుతుంది. ఈ ఆరు నెలల వెసులుబాటు పేటెంట్ల వంటి హక్కుల మీద దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందంలోనే ఉంది కాబట్టి అందులో చేరిన దేశాలన్నిటా దొరుకుతుంది. అదీ దాటితే పేటెంటు ఆగిపోతుంది. ఆగిపోయిన తేదీ నుంచి 18 నెలల లోపల పునరుద్ధరించమని పేటెంట్ల కంట్రోలర్‌కు ఫారం 15లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. కావాలని మానలేదు, తెలిసిన తర్వాత అనవసరంగా జాగు చేయలేదు అని ఆధారాలతో చూపించాలి. అధికారి తృప్తిపడితే దరఖాస్తును పేటెంటు ఆఫీసు అధికారిక పత్రికలో ప్రకటిస్తారు. రెండు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అన్నీ దాటితే పేటెంటు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

కానీ మునుపటిలా నిండుగా తిరిగి రాదు. పేటెంటు ఆగిపోయిన రోజుకూ పునరుద్ధరణ దరఖాస్తు ప్రకటించిన రోజుకూ మధ్య ఎవరైనా దాన్ని వాడుకుని ఉంటే ఆ కాలానికి వాళ్ల మీద దావా వేయడానికి లేదు. ఆ మధ్యలో నమ్మి పెట్టుబడి పెట్టినవాళ్లకు చట్టం రక్షణ ఇస్తుంది. న్యాయమే మరి. రిజిస్టరు చూసుకుని, పేటెంటు లేదని నిర్ధారించుకుని మెషిన్ కొన్నవాడు ఏం తప్పు చేశాడు?

ఇప్పుడు డిజైన్ల సంగతి. పేటెంటు పనితీరుకు, డిజైన్ రూపానికి. కుర్చీ ఆకారం, నీళ్ల సీసా ఒంపు, తలుపు పిడి రూపు, చీర మీది నమూనా, ఇలా కంటికి కనిపించేదాన్ని డిజైనుగా రిజిస్టరు చేయించుకోవచ్చు. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ప్రకారం మొదట పదేళ్ల రక్షణ. తర్వాత ఇంకో అయిదేళ్లు పొడిగింపు. మొత్తం పదిహేను. ఇక్కడ ఏటా కట్టే పని లేదు. పదేళ్లు నిండకముందే ఒక్కసారి దరఖాస్తు పెట్టి ఫీజు కడితే చాలు. వ్యక్తులకు 2,000 రూపాయలు. ఇదే తేలిక, ఇదే ప్రమాదం కూడా. ఏటా వచ్చే పని అలవాటుగా మారుతుంది. పదేళ్లకు ఒకసారి వచ్చేదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అప్పటికి లెక్కలు రాసే గుమాస్తా మారిపోయి ఉంటాడు, పాత ఫోను నంబరు పనిచేయదు, ఈమెయిలు పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. లాప్స్ అయితే ఒక ఏడాదిలోపు పునరుద్ధరణకు అడగొచ్చు. ఆపైన దారి లేదు.

జార్ఖండ్ పేటెంటు దరఖాస్తులు కోల్‌కతా పేటెంటు ఆఫీసు కిందికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవి చెన్నై ఆఫీసుకు. డిజైన్లు మాత్రం దేశంలో ఎక్కడివైనా రిజిస్టరయ్యేది కోల్‌కతాలోనే. మన దేశంలో ఈ చట్టాల చరిత్ర మొదలైందీ ఆ నగరంలోనే. 1856 మార్చి 3న జార్జ్ ఆల్ఫ్రెడ్ డి పెన్నింగ్ అనే ఇంజనీరు పంకా లాగే యంత్రానికి హక్కు కోరుతూ మొదటి దరఖాస్తు పెట్టాడు. ఆ రోజుల్లో అన్నిటికీ కలకత్తా వెళ్లాలి. ఇప్పుడు ఫీజు ఫోను మీద కట్టొచ్చు, రిజిస్టరు ఇంట్లో కూర్చుని చూడొచ్చు.

ఆ రిజిస్టరు ఎవరైనా చూడొచ్చు అన్న సంగతిని మన కార్ఖానాల వాళ్లు బాగా వాడుకోవాలి. పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో నంబరు కొడితే పేటెంటు ఎవరిది, ఏ ఏటి దాకా ఫీజు కట్టారు, అమల్లో ఉందా ఆగిందా అన్నీ కనిపిస్తాయి. ఆగిపోయిన పేటెంట్ల పూర్తి వివరణ, బొమ్మలతో సహా అక్కడే ఉంటుంది. ఇంకొకరు ఏళ్ల తరబడి చేసిన కృషి చట్టబద్ధంగా మనకు అందుబాటులోకి వస్తుంది. పునరుద్ధరణ గడువు 18 నెలలు దాటిందో లేదో, అదే యజమానికి దాని మీద ఇంకో పేటెంటు ఉందో లేదో చూసుకుని మరీ దిగాలి.

ఇక సొంతంగా యంత్రాలు చేసేవాళ్ల మాట. తన అమ్మ చేతుల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు నేతపనికి వాడే ఆసు యంత్రం చేశారు. ఆలేరు ప్రాంతం నుంచి వచ్చిన ఆ మనిషికి 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అలాంటివాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పెద్ద చదువులు లేకపోయినా చేతిలో పని ఉన్నవాళ్లు. వాళ్లకు కొత్త యంత్రం చేయడం వచ్చు. తేదీలు, ఫారాలు చూసే మనిషి పక్కన లేడు. అందుకే చదువుకున్న పిల్లలకు నా మనవి. మీ నాన్నగారికో మామయ్యకో పేటెంటు ఉంటే ఆ తేదీల పూచీ మీరు తీసుకోండి.

చేయాల్సిన పనులు కొన్నే. దరఖాస్తు పెట్టిన తేదీని కనిపించేచోట రాసిపెట్టండి, ఫీజు లెక్కంతా ఆ తేదీ నుంచే. గడువుకు మూడు నెలల ముందు ఒకసారి, నెల ముందు ఒకసారి ఫోనులో గుర్తు పెట్టుకోండి. ఒక్కరి ఫోనులో కాదు, ఇద్దరి ఫోన్లలో. పేటెంటు ఏజెంటు చూసుకుంటాడు అనుకుంటే ఆ మాట రాతపూర్వకంగా తీసుకోండి. చిరునామా, ఈమెయిలు మారితే పేటెంటు ఆఫీసు రికార్డులో మార్పించండి. ఫీజు కట్టాక రసీదు దాచి, రిజిస్టరులో ఎక్కిందో లేదో చూసుకోండి. ప్రభుత్వ ఆఫీసు పేరులా వినిపించే పేర్లతో, పెద్ద మొత్తాలు వెంటనే కట్టమంటూ నకిలీ బిల్లులు ప్రపంచమంతటా పేటెంటుదారులకు వస్తున్నాయి. పేటెంటు ఆఫీసు సొంత వెబ్‌సైటులో చూసుకోకుండా రూపాయి కూడా పంపకండి.

ఫీజు కట్టే ముందు ప్రతిసారీ ఇంట్లోవాళ్లతో, భాగస్వాములతో పది నిమిషాలు కూర్చోండి. ఈ ఏడు దీనివల్ల ఏమైనా వచ్చిందా, వచ్చే ఏడు వస్తుందా, ఎవరైనా లైసెన్సు అడిగారా, మనం వదిలేస్తే పక్క షెడ్డువాడు చేస్తాడా అని మాట్లాడుకోండి. జవాబు ఏదైనా కావచ్చు. అది మీరు ఆలోచించి చెప్పిన జవాబు కావాలి. మంచి ఆలోచన మీద హక్కు మన చేతుల మీదుగానే నిలవాలి, పోయినా మన ఇష్టంతోనే పోవాలి.